మచ్చను బట్టి మూలం: పాత లేజర్ ప్రింటర్ చెప్పే పాఠం

కాగితం మీద పైనుంచి కిందిదాకా ఒక సన్నని తెల్లచార. వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. మార్జిన్‌లో పడితే దాన్నెవరూ పట్టించుకోరు. అదే చార వడ్డీ ధ్రువపత్రంలో మొత్తాలున్న వరుస మీదుగా పోతే 1,18,640 రూపాయలు 18,640గా కనిపిస్తాయి. అక్షరాల్లో రాసిన మొత్తానికీ రక్షణ లేదు. తెలుగులో ‘ఇరవై’కీ ‘అరవై’కీ తేడా మొదటి అక్షరమే. అది చెరిగితే మిగిలేది ‘రవై’. అది ఇరవయ్యో అరవయ్యో కాగితం చూసి చెప్పలేం.

శాఖల్లోనూ ఇళ్లలోనూ ఇలాంటప్పుడు జరిగేది దాదాపు ఒకటే. ఎవరో ఒకరు కార్ట్రిడ్జ్ బయటికి తీసి నాలుగుసార్లు ఊపి మళ్లీ పెడతారు. బాగుపడకపోతే మెకానిక్‌కు ఫోన్. ఆయన వచ్చి ఒక్క పేజీ తీసి చూసి, “డ్రమ్ము పోయింది సార్, మార్చాల్సిందే” అంటాడు. కొన్నిసార్లు ఆ మాట నిజం. కొన్నిసార్లు డ్రమ్ముకు ఏమీ కాకుండానే కొత్త కార్ట్రిడ్జ్ కొంటాం, చార మాత్రం అక్కడే ఉంటుంది.

నిజానికి ఏ భాగం చెడిందో చెప్పేది పాడైన ఆ కాగితమే. చార నిలువుగా ఉందా అడ్డంగా ఉందా, మచ్చ ఎంత దూరానికోసారి తిరిగి వస్తోంది, వేలితో రుద్దితే అక్షరం రాలుతోందా అనే మూడు సంగతులు చూస్తే చాలావరకు దోషి దొరుకుతుంది. దీనికి కావలసింది పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు, ఒక పెన్సిలు, కాస్త ఓపిక.

పొడి కాగితం మీదికి వచ్చే దారి

లేజర్ ప్రింటర్‌లో సిరా ఉండదు. ఉండేది టోనర్ అనే పొడి. ప్లాస్టిక్ లాంటి రెజిన్‌లో నల్లరంగు, కొద్దిగా మైనం కలిపి, ఒక్కో రేణువు 5 నుంచి 10 మైక్రాన్లు మాత్రమే ఉండేలా చేస్తారు. తలవెంట్రుక మందంలో పదోవంతు అనుకోవచ్చు. ఆ పొడిని కావలసిన చోట మాత్రమే అంటించేది స్థిర విద్యుత్తు. ప్లాస్టిక్ స్కేలు తలకు రుద్ది, కాగితం ముక్కల్ని ఎగరేసే ఆట ఆడని పిల్లలుండరు కదా, అదే.

ఆ ఆటను యంత్రంగా మార్చినవాడు చెస్టర్ కార్ల్‌సన్. న్యూయార్క్‌లో ఒక కంపెనీ పేటెంట్ల విభాగంలో ఉద్యోగి. ఒకే పత్రానికి మళ్లీ మళ్లీ నకళ్లు తీయించాల్సిన ఉద్యోగం ఆయనది, మనవాళ్లకు ఆ బాధ తెలియనిది కాదు. 1938 అక్టోబర్ 22న అస్టోరియాలోని చిన్న గదిలో, సహాయకుడు ఆటో కోర్నీతో కలిసి, గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుదావేశం ఎక్కించారు. తేదీ, ఊరి పేరు రాసిన గాజు ముక్కను దాని మీద పెట్టి వెలుతురు చూపించారు. తర్వాత పొడి చల్లి, నిలిచిన పొడిని మైనపు కాగితం మీదికి దింపి వేడిచేశారు. అక్షరాలు వచ్చాయి. ఫొటోకాపీ యంత్రాలన్నీ ఆ పలక సంతానమే. వెలుతురు స్థానంలో కంప్యూటర్ నడిపే లేజర్ కిరణాన్ని పెట్టే ఆలోచన జిరాక్స్ సంస్థలో పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్‌ది. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చాక ఆ యంత్రం బల్ల మీదికి చేరింది.

ఇప్పుడు మన ప్రింటర్ లోపలికి వద్దాం. డ్రమ్ము అంటే ఆకుపచ్చగానో నీలంగానో మెరిసే సన్నని గొట్టం. చీకట్లో అది విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది, వెలుతురు తగిలిన చోట వదిలేస్తుంది. ముందుగా ఛార్జింగ్ రోలర్ అనే నల్లటి రబ్బరు కడ్డీ డ్రమ్ము మొత్తానికీ కొన్ని వందల వోల్టుల ఋణావేశం ఎక్కిస్తుంది. (ఋణం మాట వినగానే మనవాళ్లకు చెవులు నిక్కుతాయి గానీ, ఇక్కడ ఋణం ఉన్నచోట పొడి అంటదు, తీరినచోటే అంటుతుంది.) లేజర్ కిరణం అక్షరం పడాల్సిన చోటల్లా తగిలి ఆ ఋణాన్ని తీర్చేస్తుంది. టోనర్ పొడికి కూడా ఋణావేశమే ఉంటుంది కాబట్టి, ఆవేశం మిగిలి ఉన్న చోటునుంచి అది తప్పుకుంటుంది, లేజర్ తాకిన చోట అంటుకుంటుంది. డ్రమ్ము కింద కాగితం నడుస్తుంటే, ఆ కాగితం కింద ఉన్న ట్రాన్స్‌ఫర్ రోలర్ ధనావేశంతో పొడిని కిందికి లాగుతుంది. అప్పటికి అక్షరం కాగితం మీద కేవలం ఆనుకుని ఉంటుంది, ఊదితే చెదిరిపోతుంది. చివరికి ఫ్యూజర్ దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడితో, ఒత్తిడితో పొడిని కరిగించి కాగితం నారకు అతికిస్తుంది. డ్రమ్ము మీద మిగిలిన పొడిని ఒక రబ్బరు పట్టీ గీకేసి వ్యర్థాల అరలోకి తోస్తుంది.

ఈ క్రమాన్ని ఒకసారి మనసులో పెట్టుకుంటే కొన్ని విచిత్రాలు వాటంతటవే విడిపోతాయి. పేజీ మొత్తం నల్లగా వస్తే టోనర్ ఎక్కువైందని అనుకుంటాం. కాదు, ఛార్జింగ్ రోలర్ పనిచేయలేదు. డ్రమ్ముకు ఆవేశమే ఎక్కకపోతే పొడి అంతటా అంటుకుంటుంది. పేజీ మొత్తం తెల్లగా వస్తే లేజర్ డ్రమ్మును చేరలేదు, లేదా పొడి డ్రమ్ముకు అందలేదు, లేదా కాగితం మీదికి దిగలేదు. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టగానే తెల్ల కాగితం వచ్చిందంటే మొదట చూడాల్సింది పక్కనుంచి లాగాల్సిన సీల్ టేపు అలాగే ఉండిపోయిందేమోనని.

నిలువు చారలు

కాగితం నడిచే దిశలో, అంటే పొడవునా, వచ్చే చారలను ముందు తెల్లవి, నల్లవి అని విడదీయాలి. రెండింటికీ మూలాలు వేరు.

తెల్లచారకు ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, టోనర్ అయిపోవస్తూ ఒక పక్కకు చేరడం. కార్ట్రిడ్జ్ తీసి, అడ్డంగా పట్టుకుని, ఎడమకూ కుడికీ ఐదారుసార్లు మెల్లగా ఊపి పెట్టండి. చార తగ్గినా, జరిగినా, వెడల్పు మారినా కారణం టోనరే, కొన్ని పదుల పేజీలు లాగి కొత్తది తెప్పించుకోవచ్చు. రెండు, లేజర్ వచ్చే దారిలోని అద్దం మీదో గాజు పట్టీ మీదో దుమ్ము చేరడం. దుమ్ము ఉన్నచోట కిరణం ఆగిపోతుంది, ఋణం తీరదు, పొడి అంటదు, తెల్లగా మిగులుతుంది. ఈ చార కార్ట్రిడ్జ్ ఊపినా కదలదు. మరో కార్ట్రిడ్జ్ పెట్టినా స్కేలుతో కొలిస్తే అంచునుంచి సరిగ్గా అదే దూరంలో ఉంటుంది. రోడ్డు పక్కన ఉన్న శాఖల్లో, ముఖ్యంగా ప్రింటర్ తలుపుకు ఎదురుగా ఉన్నచోట, ఇది మామూలే. కొన్ని యంత్రాల్లో గాజు పట్టీ బయటికే కనిపిస్తుంది, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చాలా చిన్న ప్రింటర్లలో మాత్రం అద్దాలు లేజర్ పెట్టె లోపల ఉంటాయి. ఆ పెట్టె మూత మనం విప్పకూడదు. లేజర్ కంటికి ప్రమాదం, అద్దం కాస్త జరిగినా ముద్రణ వంకర పోతుంది. కానీ మెకానిక్‌కు “అద్దాలు తుడవండి” అని చెప్పగలిగితే చాలు, కొత్త కార్ట్రిడ్జ్ ఖర్చు తప్పుతుంది.

నల్లచార అయితే డ్రమ్ము మీద పొడవునా గీత పడిందనో, గీకే రబ్బరు పట్టీ ఒకచోట అరిగిందనో అర్థం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటి, మన దేశంలో ఏ కార్యాలయంలో చూసినా కనిపించే పాత యంత్రాల్లో డ్రమ్ము, ఛార్జింగ్ రోలర్, రబ్బరు పట్టీ అన్నీ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటాయి. కాబట్టి నల్లచార వస్తే అక్కడ కార్ట్రిడ్జ్ మార్చడం న్యాయమే. బ్రదర్ ప్రింటర్లలో చాలావాటికి డ్రమ్ము వేరు, టోనర్ వేరు. వాటిలో ఛార్జింగ్ రోలర్ బదులు కరోనా తీగ అనే సన్నని తీగ ఉంటుంది. దాని మీద మురికి చేరినా నిలువు చారలే వస్తాయి. డ్రమ్ము యూనిట్ మీద బిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని ఆ కొసనుంచి ఈ కొసకు పదిసార్లు జరిపితే తీగ శుభ్రమవుతుంది. చివర్లో ఆ బిళ్లను బాణం గుర్తున్న దాని స్థానానికి తిరిగి తేవాలి. మధ్యలో వదిలేస్తే అదే కొత్త చారను సృష్టిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పని తెలియక డ్రమ్ములు మార్చినవాళ్లు ఉన్నారు.

స్కేలు తీయండి

ఇప్పుడు అసలైన ఆసక్తికరమైన భాగం. పేజీలో ఒక నల్లచుక్కో, చిన్న తెల్లమచ్చో పైనుంచి కిందికి ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వస్తోందనుకోండి. ప్రింటర్ లోపల తిరిగేవన్నీ గుండ్రటివే. ఒక రోలర్ మీద ఒకచోట గాటు పడితే, అది చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ కాగితం మీద గుర్తు పెడుతుంది. రెండు గుర్తుల మధ్య దూరం ఆ రోలర్ చుట్టుకొలత. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. పదో తరగతి పిల్లలకు ‘పై’ విలువ ఎందుకు పనికొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు తోచలేదు.

ఒక ఉదాహరణ చేద్దాం. చుక్కల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే దాదాపు 24. చిన్న ప్రింటర్లలో డ్రమ్ము వ్యాసం చాలావరకు 24 మిల్లీమీటర్లే. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు కాబట్టి అదే చుక్క పేజీలో మూడు నాలుగుసార్లు కనిపిస్తుంది. ఇంకాస్త పెద్ద ఆఫీసు ప్రింటర్లలో 30 మిల్లీమీటర్ల డ్రమ్ము ఉంటుంది, అక్కడ చుక్కలు 94 మిల్లీమీటర్లకోసారి వస్తాయి. దూరం ఇంతకంటే బాగా తక్కువైతే, ముప్పై నలభై మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, ఛార్జింగ్ రోలర్‌నో డెవలపర్ రోలర్‌నో అనుమానించాలి. డెవలపర్ రోలర్ చాలా యంత్రాల్లో డ్రమ్ముకంటే కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి దానికి మన 3.14 లెక్క అచ్చంగా కుదరదు. ఫ్యూజర్ రోలర్ల కొలతలు వేరు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో సాధారణంగా ఏ రోలర్‌కు ఎంత దూరమో పట్టిక ఉంటుంది. ఆ ఒక్క పేజీ అచ్చు తీసి ప్రింటర్ పక్కన గోడకు అంటించుకోవడం మంచిది.

కొలిచేటప్పుడు చిన్న జాగ్రత్త. ఒక మచ్చ పై అంచునుంచి తర్వాతి మచ్చ పై అంచుకే కొలవాలి. ఒకే పేజీలో కొలిచింది నమ్మకండి, మూడు పేజీలు వరసగా తీసి చూడండి. దూరం ఎప్పుడూ ఒకటే అయితే రోలర్. చుక్కలు ఇష్టం వచ్చినట్లు ఎక్కడపడితే అక్కడ వస్తుంటే రోలర్ల జోలికి పోనక్కరలేదు, లోపల పొడి ఒలికి ఉంటుంది, లేదా కాగితమే నాసిరకం.

ఇదే లెక్కతో ‘దయ్యపు నీడ’ కూడా పట్టుబడుతుంది. పేజీ పైభాగాన పెద్ద అక్షరాల్లో ఉన్న శాఖ పేరు కొంచెం కిందుగా, లేతగా మళ్లీ కనిపిస్తుంది. ఆ దూరం డ్రమ్ము చుట్టుకొలతతో సరిపోతే డ్రమ్మును గీకే పట్టీ సరిగా గీకడం లేదు. ఫ్యూజర్ చుట్టుకొలతతో సరిపోతే కరిగిన పొడి ఫ్యూజర్‌కు అంటుకుని, ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ కాగితం మీద పడుతోంది. మొదటిదానికి కార్ట్రిడ్జ్ మార్చాలి. రెండోదానికి మార్చినా లాభం లేదు.

మధ్యలో ఆపి చూడడం

ముద్రణ అంతటా పల్చగా ఉంటే కొలతలు పనికిరావు. అప్పుడు ఇంకో పద్ధతి ఉంది. నల్లని అక్షరాలు నిండుగా ఉన్న పేజీ ఒకటి పంపించి, కాగితం సగం దూరం వెళ్లగానే ప్రింటర్ తలుపు తెరవండి. యంత్రం ఆగిపోతుంది. మెయిన్ స్విచ్ తీసేసి, కార్ట్రిడ్జ్ బయటికి తీసి, డ్రమ్మును కాచే చిన్న రెక్కను ఎత్తి చూడండి. డ్రమ్మును వేలితో తాకకూడదు. వేలి జిడ్డు ఒక మచ్చగా మిగిలిపోతుంది. ఎండలో, కిటికీ దగ్గర పెట్టకూడదు, చూసిన వెంటనే లోపల పెట్టేయాలి.

డ్రమ్ము మీదే అక్షరాలు పల్చగా ఉంటే తప్పు అక్కడికి ముందే జరిగింది. టోనర్, డెవలపర్ రోలర్, లేజర్ వీటిలో ఒకటి. డ్రమ్ము మీద అక్షరాలు చిక్కగా ఉన్నాయి, దాన్ని దాటిన కాగితం మీద మాత్రం లేతగా ఉన్నాయంటే పొడి కిందికి దిగడం లేదు. ట్రాన్స్‌ఫర్ రోలర్ పాతబడింది, లేదా కాగితం చెమ్మగా ఉంది. ట్రాన్స్‌ఫర్ రోలర్ అంటే కార్ట్రిడ్జ్ తీసిన చోట కింద కనిపించే నల్లని స్పాంజి కడ్డీ. ఇరుక్కున్న కాగితం లాగే హడావిడిలో దాన్ని వేళ్లతో పట్టుకుంటారు, తర్వాత అదే చోట ముద్రణ పల్చబడుతుంది. ఫ్యూజర్‌కు ముందు కాగితం మీద అక్షరాలు బాగానే ఉండి, బయటికొచ్చిన పేజీలోనే అలుక్కుపోయి ఉంటే తప్పు ఫ్యూజర్‌దే. ఆగిపోయిన కాగితాన్ని మెల్లగా లాగండి. దాని మీద పొడి ఇంకా అతుక్కోలేదు కాబట్టి ఊదకండి.

ఈ పరీక్ష తర్వాత మీరు మెకానిక్‌తో మాట్లాడే తీరే మారుతుంది. “ప్రింటు బాగా రావడం లేదు” అనడానికీ, “డ్రమ్ము మీద బాగుంది, కాగితం మీదికి దిగడం లేదు” అనడానికీ మధ్య తేడా బిల్లులో కనిపిస్తుంది.

రాలిపోయే అక్షరం

నా దృష్టిలో ప్రింటర్ లోపాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించనిది. పేజీ నల్లగా, అందంగా వస్తుంది. సంతకాలవుతాయి, ఫైల్లోకి వెళుతుంది. ఫ్యూజర్ సరిగా వేడెక్కకపోతే ఆ అక్షరాలు కాగితానికి అతకలేదు, పైన పేరుకుని ఉన్నాయంతే. ఏళ్ల తర్వాత ఫైలు తీసినప్పుడు మడత దగ్గర అక్షరాలు పెచ్చులుగా రాలి ఉంటాయి. సిరా అయితే కాగితం లోపలికి ఇంకుతుంది, వెలిసినా ఆనవాలు మిగులుతుంది. టోనర్ రాలితే తెల్ల కాగితమే మిగులుతుంది.

పరీక్ష తేలిక. పేజీ వచ్చాక ఒక నిమిషం చల్లారనివ్వండి. అక్షరాల మీదుగా మడిచి, గోటితో నొక్కి, విప్పి, వేలితో రుద్దండి. మడత గీత మీద సన్నగా పగలడం సహజం. మడతకు అటూ ఇటూ పొడి రాలినా, వేలికి నల్లగా అంటినా ఆ ప్రింటర్ మీద ఒప్పందాలు, డిపాజిట్ పత్రాలు తీయడం ఆపాలి. సర్క్యులర్ల నకళ్లకో, పిల్లల లెక్కల అభ్యాసానికో అది పనికొస్తుంది.

ఫ్యూజర్ చెడిందని తీర్మానించే ముందు ఒకటి చూడండి. స్టాంపు కాగితం మామూలు కాగితంకంటే మందం, గరుకు. ప్రింటర్‌కు మనం ‘ప్లెయిన్’ అని చెప్పి స్టాంపు కాగితం పెడితే అది మామూలు వేడే ఇస్తుంది, ఆ వేడి చాలదు. ప్రింట్ ఆదేశం ఇచ్చేటప్పుడు ప్రాపర్టీస్‌లో పేపర్ టైప్ దగ్గర ‘హెవీ’, ‘రఫ్’, ‘బాండ్’ వంటివి ఉంటాయి. ఆ కాగితానికి తగినది ఎంచుకుని మళ్లీ మడత పరీక్ష చేయండి. చాలావరకు అతుక్కుంటుంది. పని అయ్యాక దాన్ని మళ్లీ ‘ప్లెయిన్’కు మార్చాలి. లేకపోతే తర్వాతి మామూలు కాగితాలు వేడికి చుట్టుకుపోతాయి. సెట్టింగు మార్చినా రాలుతుంటే అప్పుడు ఫ్యూజరే. చిన్న ప్రింటర్లలో వేడిచేసే పలక చుట్టూ సన్నని ఫిల్మ్ గొట్టం తిరుగుతుంటుంది. ఇరుక్కున్న స్టేపుల్ పిన్ను ఒక్కటి చాలు, అది చిరగడానికి. వాడిన కాగితం రెండోవైపు ముద్రించే పొదుపు మంచిదే, పిన్నులు తీశామో లేదో చూసుకున్నాకే.

ఇళ్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ కోసం అమ్మే మెరుపు ఫొటో కాగితం, మామూలు ప్లాస్టిక్ షీట్లు, స్టిక్కర్లు పిల్లల ప్రాజెక్టు కోసం లేజర్ ప్రింటర్‌లో పెడతారు. 200 డిగ్రీల దగ్గర వాటి పూత కరిగి ఫ్యూజర్‌కు చుట్టుకుంటుంది. ప్యాకెట్ మీద లేజర్ ప్రింటర్‌కు పనికొస్తుందని ఉంటేనే పెట్టాలి.

ఫ్యూజర్ బాగున్నా, ప్రింటు బాగున్నా పత్రాన్ని దాచే తీరు దాన్ని చెరపగలదు. మెత్తగా, పారదర్శకంగా ఉండే పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో సర్టిఫికెట్లు పెట్టి బీరువాలో ఏళ్లతరబడి ఉంచుతాం. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన రసాయనం టోనర్‌ను కూడా మెత్తబరుస్తుంది. కాగితం బయటికి లాగితే అక్షరాలు కవరుకే అంటుకుని వస్తాయి. కవరు మీద త్రికోణంలో 3 అంకె ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. రెండోది తీసుకోండి, లేదా మామూలు కాగితపు కవరే మేలు. ఈ వారంలో ఇంట్లో డిగ్రీ సర్టిఫికెట్ల నకళ్లు, బీమా బాండ్లు ఉన్న ఫైలు ఒకసారి తెరిచి చూడండి.

కాగితం, చెమ్మ, రీఫిల్

కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరప్రాంత శాఖల్లో వానాకాలం ప్రింటర్ ఫిర్యాదులు వస్తే నేను ముందు కాగితాన్నే అనుమానిస్తాను. చెమ్మ పట్టిన కాగితంలోంచి ట్రాన్స్‌ఫర్ రోలర్ ఇచ్చే ఆవేశం జారిపోతుంది. ముద్రణ అక్కడక్కడ పల్చగా, మబ్బు పట్టినట్లు వస్తుంది. బయటికొచ్చే కాగితంతో పాటు ఆవిరి కూడా కనిపించవచ్చు, కంగారు పడనక్కరలేదు, కాగితంలోని నీరే అది. కొత్త కట్ట విప్పి అదే పేజీ తీసి చూడండి. బాగా వస్తే ప్రింటర్‌కు ఏమీ కాలేదు. కట్ట చుట్టూ ఉండే రేపరు చెమ్మ ఆపడానికే. సగం వాడిన కట్టను అందులోనే చుట్టి పెట్టాలి. స్టోర్ గదినుంచి ఏసీ హాల్లోకి తెచ్చిన కట్టను కొన్ని గంటలు అలా ఉంచి విప్పడం మంచిది.

రీఫిల్ గురించి రెండు వర్గాలుంటాయి, ఎప్పుడూ చేయించకూడదనేవాళ్లు, ఎప్పుడూ కొత్తది కొనకూడదనేవాళ్లు. నేను మధ్యలో ఉంటాను. డ్రమ్ము బాగున్న కార్ట్రిడ్జ్‌ను ఒకటి రెండుసార్లు రీఫిల్ చేయించడంలో తప్పులేదు. అడగాల్సినవి రెండు. ఆ మోడల్‌కు సరిపోయే పొడేనా? ఒక్కో యంత్రానికి పొడి కరిగే వేడి, ఆవేశం పట్టే గుణం వేరు. వేరే పొడి పోస్తే పేజీ అంతా బూడిదరంగు పొర కమ్ముకుంటుంది, లేదా అక్షరాలు అతకవు. రెండో ప్రశ్న, వ్యర్థాల అర ఖాళీ చేశారా? కొందరు పైన చిల్లు పెట్టి పొడి పోసి, బిరడా బిగించి ఇచ్చేస్తారు. పాత వ్యర్థం నిండి పొంగితే పేజీ మీద పొడి గుట్టలుగా పడుతుంది. మీ ఎదుటే విప్పి, ఆ అర దులిపి, పొడి పోసే షాపు ఉంటే దాన్ని వదులుకోకండి.

పేజీల లెక్కలో ఒక మాట. 1020లో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ దాదాపు 2000 పేజీలకని చెబుతారు. అది పేజీలో 5 శాతం మాత్రమే నలుపు ఉంటుందన్న లెక్క, అంటే చిన్న ఉత్తరం. ఫొటోలున్న హాల్‌టికెట్లు, గడులు నింపిన స్టేట్‌మెంట్లు తీస్తే అంత రాదు, అందుకు కార్ట్రిడ్జ్‌ను తిట్టకూడదు. ముద్రణ పల్చగా ఉందనగానే సెట్టింగుల్లో ‘ఎకానమోడ్’ ఎవరైనా పెట్టారేమో చూడడం కూడా మరవకండి. ఫ్యూజర్ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది కాబట్టి ఇంట్లోని చిన్న యూపీఎస్‌కు లేజర్ ప్రింటర్ తగిలించకండి.

ఏది విప్పినా ముందు ప్లగ్ తీసి అరగంట ఆగండి, ఫ్యూజర్ దగ్గర చేయి కాలుతుంది. ఒలికిన పొడిని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి, ఆ సన్నటి పొడి దాని వడపోతను దాటి గదంతా పరుచుకుంటుంది. కొద్దిగా తడిపిన గుడ్డతో అద్ది తీయండి. చేతికి అంటితే చన్నీళ్లు, సబ్బు. బట్టల మీద పడితే ముందు బయట దులిపి, తర్వాత చన్నీళ్లలో ఉతకండి. వేడినీళ్లు పోస్తే ఫ్యూజర్ కాగితం మీద చేసే పనే మీ చొక్కా మీదా మొదలవుతుంది.